పేర్ల పుట్టుక – 7వ భాగం: నౌపడ నుంచి గునుపురం దాకా

పర్లాకిమిడి రాజావారు 1900లో నౌపడ నుంచి తమ ఊరిదాకా చిన్న రైలు వేయించారు. పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులే. 1931 నాటికి ఆ దారి గునుపురం చేరింది. 2004లో చిన్న బండి ఆగిపోయింది. 2011లో పెద్ద పట్టాల మీద రైలు మళ్లీ కదిలింది. ఆ చివరి నుంచి ఈ చివరికి సుమారు 90 కిలోమీటర్లు. ఒక కొసన నౌపడ ఉప్పుమడులు, ఇంకో కొసన సవర గిరిజనుల కొండలు.

ఈ కొద్ది దూరంలోనే పిల్లలకు పేర్లు పెట్టే తీరు మూడు రకాలుగా మారుతుంది. నౌపడ, టెక్కలి పల్లెల్లో అప్పలనాయుళ్లు, సింహాచలాలు, తవిటయ్యలు. పాతపట్నం, పర్లాకిమిడి వచ్చేసరికి నీలమణులు, జగన్నాథాలు, బలరాములు, సుభద్రలు. ఆ పైన కొండల్లో, కన్నుమూసిన తాత పేరో బిడ్డ పుట్టిన వారం పేరో. పేరును బట్టి ఊరు పసిగట్టడం తెలుగుదేశంలో అన్నిచోట్లా కుదరదు. వెంకటేశ్వరరావు ఏ జిల్లావాడైనా కావచ్చు. అప్పలస్వామి అనగానే మాత్రం ఎదుటివాళ్లు "మీది శ్రీకాకుళమా, విజయనగరమా?" అని అడుగుతారు. ఉత్తరాంధ్ర పేరుకు ఆ గుర్తింపు ఎలా వచ్చిందన్నదే ఈ భాగంలో విషయం.

సింహాచలం కొండమీది వరాహ లక్ష్మీనరసింహస్వామిని ఈ ప్రాంతపు జనం అప్పన్న అంటారు. ఏడాదంతా చందనపు పూతలో ఉండి, అక్షయ తృతీయ ఒక్కనాడే నిజరూపంలో కనబడే దేవుడాయన. ఆయన పేరు ఇళ్లలోకి వచ్చి ఎన్ని కొమ్మలు వేసిందో లెక్కపెట్టడం కష్టం. అప్పన్న, అప్పయ్య, అప్పలస్వామి, అప్పలనాయుడు, అప్పలరాజు, అప్పలనరసయ్య, అప్పల్రాముడు. ఆడపిల్లలైతే అప్పలమ్మ, అప్పయ్యమ్మ, అప్పలనరసమ్మ. అప్పలసూరి అనే పేరుంది. అందులో సింహాచలం దేవుడూ అరసవల్లి సూర్యుడూ ఇద్దరూ ఒక బిడ్డకే దక్కారు. అప్పారావు అనే పేరు ఆంధ్రమంతటా వినబడుతుంది కాబట్టి దాన్ని ఒక్క సింహాచలానికే కట్టెయ్యడం న్యాయం కాదు. ముందు "అప్పల" అని ఉంటే మాత్రం అది ఈ నేల పేరే.

విజయనగరం పైడితల్లి అమ్మవారి కథలోనూ ఈ పేరే ఎదురవుతుంది. 1757 బొబ్బిలి యుద్ధంలో అన్న పూసపాటి విజయరామరాజు చనిపోయాడని విని పైడితల్లి ప్రాణం విడిచిందనీ, ఆమె విగ్రహం పెద్దచెరువులో దొరుకుతుందని ముందే తెలిసినవాడు పతివాడ అప్పలనాయుడనీ జనం చెప్పుకుంటారు. కథకులు కారా మాస్టారు "యజ్ఞం" కథలో అప్పు కింద నలిగిపోయిన మనిషికి పెట్టిన పేరు అప్పల్రాముడు. 2024లో విజయనగరం నుంచి లోక్‌సభకు వెళ్లింది కలిశెట్టి అప్పలనాయుడు. దేవత ఐతిహ్యం దగ్గర నుంచి లోక్‌సభ దాకా రెండున్నర శతాబ్దాలుగా ఒకే పేరు నడుస్తూ వచ్చింది.

దేవుడి పేరు మనిషికి పెట్టడం దేశమంతటా ఉన్నదే. దేవుడుండే కొండ పేరునే మనిషికి పెట్టడమూ ఉంది. ఇక్కడ సింహాచలం అన్నది మగవాడి పేరు, ఆడమనిషి పేరు కూడా. "సింహాచలం వచ్చిందా?" అన్నా సరే, "సింహాచలం వచ్చాడా?" అన్నా సరే, వీధిలో ఎవరూ తడబడరు. అప్పలకొండ కూడా అంతే. వంశధార ఒడ్డున గంగరాజుల రాజధానిగా వెలిగిన శ్రీముఖలింగం నుంచి ముఖలింగం అనే పేరు పుట్టింది. అక్కడి మధుకేశ్వరుడు మధుకేశ్వరరావు అయ్యాడు. శ్రీకూర్మం గుడి చుట్టుపక్కల ఊళ్లలో కూర్మారావులు, కూర్మయ్యలు, కూర్మినాయుళ్లు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుకు 1864లో అజ్జాడలో తల్లిదండ్రులు పెట్టిన పేరు సూర్యనారాయణ, అంటే అరసవల్లి దేవుడి పేరే.

ఇలాంటి అలవాటు స్పెయిన్‌లోనూ ఉంది. బార్సిలోనా దగ్గర మోన్‌సెరాట్ అనే రంపపు పళ్ల కొండ ఉంది. దానిమీద మేరీమాత గుడి ఉంది. ఆ కొండ పేరే కాటలోనియా ఆడపిల్లలకు పెడతారు. ఒపెరా గాయని మోన్‌సెరాట్ కబాయె పేరు అలా వచ్చిందే. గ్వాదలూపే కూడా మేరీమాత వెలసిన చోటు నుంచి వచ్చిన పేరే. తెలుగునాట ఇంకో రెండుచోట్ల కూడా పుణ్యస్థలం ఇలా పేరులోకి నడిచి వచ్చింది. గుంటూరు, నెల్లూరు వైపు దర్గాల మీద భక్తితో హిందువుల ఇళ్లలోనూ మస్తాన్‌రావులు, మస్తానమ్మలు ఉన్నారు. నల్గొండ వైపు జాన్‌పహాడ్ దర్గా పేరున సైదులు, సైదమ్మ అని పెట్టుకున్నారు. మొక్కు తీరిందని పెట్టిన పేరుకు మతం అడ్డు రాలేదు.

మొక్కు మగ, ఆడ తేడా కూడా చూడలేదు. బొబ్బిలి నుంచి లోక్‌సభకు గెలిచిన నాయకుడి పేరు కొండపల్లి పైడితల్లి నాయుడు. అమ్మవారి పేరు "తల్లి" అన్న మాటతో సహా మగవాడి పేరైంది. అనకాపల్లి నూకాలమ్మ మగపిల్లల్లో నూకరాజు, నూకయ్య. అసిరితల్లి నుంచి అసిరయ్య, అసిరినాయుడు. కార్తీకంలో గౌరి పండగ చేసే పల్లెల్లో గౌరునాయుడు. కాథలిక్ స్పెయిన్‌లో మగవాళ్లు హోసే మరియా అని మేరీ పేరు కలుపుకుంటారు. అక్కడ అది రెండో పేరుగా వెనక ఉంటుంది. ఇక్కడ పైడితల్లే ముందుంది, నాయుడు ఆమె వెనక నడిచాడు.

భక్తితో పెట్టిన పేర్లు ఇవి. ఇంకో రకం పేర్లున్నాయి. అవి భయంతో పెట్టినవి.

తవుడు, తవిటయ్య, తవిటినాయుడు, తవిటమ్మ. ఈ జిల్లాల బయట పెరిగినవాళ్లు ఈ పేర్లు విని నవ్వుతారు. ఆ నవ్వు చాలా అన్యాయం. ఒక తల్లికి వరసగా ఇద్దరో ముగ్గురో బిడ్డలు పోయారు. మళ్లీ కాన్పు వచ్చింది. ఈసారి పుట్టిన బిడ్డను పొరుగింటి ఆమె చేతుల్లో పెడతారు. కాసేపటికి ఆ తల్లే తవుడు తీసుకెళ్లి, దానికి మారుగా బిడ్డను తెచ్చుకుంటుంది. బియ్యం పైన పొర దంచగా రాలిన తవుడు పశువులకు వేసేది. దానికి కొన్న బిడ్డ మీద మృత్యువు కన్ను పడదని నమ్మకం. ఆ బేరమే బిడ్డ పేరుగా నిలిచిపోతుంది. పెంటయ్య, పెంటమ్మ, పుల్లయ్య పేర్లదీ ఇదే కథ. బిడ్డను పెంటకుప్ప మీద ఒక్క క్షణం ఉంచి తీస్తే పెంటయ్య. ఎంగిలి విస్తరాకుల మీద దొర్లిస్తే పుల్లయ్య. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో అచ్చేసిన ఏడు సంపుటాల పుస్తకంలో ఈ ఆచారాలను రాసిపెట్టాడు. తమిళుల కుప్పుస్వామిలో ఉన్నదీ ఆ కుప్పే.

ఇలాంటి పేర్లు వెనకబాటుకు గుర్తని ఎవరైనా అంటే వాళ్లు రోమన్ల నాటి ఈజిప్టు వైపు చూడాలి. అక్కడి ఇసుకలో దొరికిన గ్రీకు పత్రాల్లో కొప్రియా, కొప్రెయుస్ అనే పేర్లు చాలా ఉన్నాయి. వాటి మూలం పెంటకుప్ప అనే గ్రీకు మాట. అవి మొదట కుప్ప దగ్గర వదిలేసిన పిల్లలకు పెట్టినవై ఉంటాయనీ, దిష్టి తగలకుండా కన్నవాళ్లే పెట్టినవనీ పండితులు రెండు రకాలుగా చెబుతారు. బెంగాల్లో గవ్వలిచ్చి కొన్నట్టు చేసి తీన్‌కొడి, పాంచ్‌కొడి అని పిలిచారు. మూడు గవ్వలు, ఐదు గవ్వలు అన్నమాట. గిరీశ్‌చంద్ర ఘోష్ నాటకాల్లో వేసిన ప్రసిద్ధ నటి పేరు తీన్‌కొడి దాసి. మంగోలియాలో నెర్గూయ్ అంటే పేరు లేనివాడు, ఎనెబిష్ అంటే ఇది కాదు. బిడ్డను వెతుక్కుంటూ వచ్చిన దుష్టశక్తికి దారి తప్పాలని అలా పెడతారు. నైజీరియా యొరూబా ప్రజలు ఇంకా సూటిగా బిడ్డనే బతిమాలుకున్నారు. మాలొమొ అంటే మళ్లీ వెళ్లిపోకు. కొకూమొ అంటే ఇక చావడు.

20వ శతాబ్దం మొదట్లో మన దేశంలో పుట్టిన ప్రతి 1000 మంది పసికందుల్లో అటూ ఇటుగా 200 మంది ఏడాది నిండకుండానే పోయారు. మశూచి, కలరా, పురిటి గదిలో మురికి, ధనుర్వాతం. టీకా లేని ఊళ్లో తల్లి చేతిలో మిగిలిన మందు పేరొక్కటే. తవిటయ్య అనే పేరు విన్నప్పుడు, అతనికి ముందు పేరైనా పెట్టించుకోకుండా పోయిన అన్నలు, అక్కలు గుర్తుకు రావాలి. వాళ్లున్నారని చెప్పే కాగితం ఏ ఆఫీసులోనూ లేదు. బతికిన తమ్ముడి పేరే వాళ్లకు దాఖలా.

ఇక తాత పేరు మనవడికి పెట్టడం. దీనికి ఈ నేలమీద దొరికే సాక్ష్యం ఏకంగా ఒక రాజవంశం. కళింగాన్ని ఏలిన తూర్పు గంగరాజుల్లో కోణార్క గుడి కట్టించిన నరసింహదేవుడు 1238లో గద్దెనెక్కాడు. అతని కొడుకు భానుదేవుడు. అతని కొడుకు నరసింహదేవుడు. అతని కొడుకు మళ్లీ భానుదేవుడు. ఇలా 1434లో ఆ వంశం అంతరించే దాకా ఎనిమిది మంది రాజులు, రెండే పేర్లు. చరిత్రకారులు ఒకటో, రెండో, మూడో, నాలుగో అని అంకెలు వేసి విడదీయాల్సి వచ్చింది. ఆ రెండు పేర్లనూ జాగ్రత్తగా చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. నరసింహుడు సింహాచలం దేవుడు, భానుడు అరసవల్లి దేవుడు. వేంగిలో తూర్పు చాళుక్యులు అంతకుముందు నాలుగైదు శతాబ్దాల పాటు విష్ణువర్ధనుడు, విజయాదిత్యుడు అని పేర్లు మార్చి మార్చి పెట్టుకున్నదీ ఈ లెక్కనే. గ్రీసులో నేటికీ పెద్దకొడుకుకు తండ్రి తండ్రి పేరు పెట్టడం వాడుక. తూర్పు ఐరోపా యూదులు మాత్రం బతికున్న తాత పేరు పెట్టరు. చనిపోయినవారి పేరే పెడతారు. అదే యూదుల్లో స్పెయిన్ నుంచి వెళ్లిన శాఖవాళ్లు బతికున్న తాత పేరు పెట్టి ఆయన్ను గౌరవిస్తారు.

గంగరాజుల్లోనే అంతకుముందు 1078లో పట్టాభిషిక్తుడైన అనంతవర్మ చోడగంగదేవుడి తల్లి రాజసుందరి చోళుల ఆడపడుచు. తండ్రి గంగవంశీయుడు. బిడ్డ పేరులో ముందు తల్లి పుట్టిల్లు, తర్వాత తండ్రి వంశం. రెండు రాజ్యాల వియ్యం మొత్తం "చోడగంగ" అనే పేరులో ఇమిడింది. శాసనాలు చదివే అవకాశం లేనివాడికి కూడా ఆ పేరొక్కటి చాలు.

రాజుల ఇళ్లలో అంకెలు వేస్తే సరిపోయింది. రైతుల ఇళ్లలో ఇంకో చిక్కు వచ్చింది. బాలసారె నాడు పళ్లెంలో బియ్యం పోసి, ఉంగరంతో పేరు రాస్తారు. తాత పేరు రాశారు, బాగానే ఉంది. కోడలు మావగారి పేరు నోటితో పలకకూడదు. మరి కన్నకొడుకును ఏమని పిలవాలి? అందుకే ఇంటింటా రెండో పేరు పుట్టింది. కోడలు బిడ్డను "తాతా" అంటుంది, "పెద్దయ్యా" అంటుంది, "బాబూ" అంటుంది. కోపం వస్తే కూడా "ఒరే తాతా, ఇలా రా" అనే తిడుతుంది. ఆ పిలుపే అరవై ఏళ్లు వచ్చినా వదలని మగవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. అసలు పేరు రేషన్ కార్డులో ఉంటుంది. అది ఏమిటంటే ఇంట్లోవాళ్లే ఓ క్షణం ఆలోచించి చెబుతారు. ఒకే వీధిలో నలుగురు అప్పలనాయుళ్లుంటే ఇంటిపేరో, పెద్ద, చిన్న, నల్ల, పొట్టి అన్న గుర్తో ముందు చేరుతుంది.

రైలు పాతపట్నం చేరేసరికి నీలమణి దుర్గ గుడి వస్తుంది. అక్కడ నీలమణి ఆడపిల్ల పేరు. ఆ పక్కనే పర్లాకిమిడి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు పోయింది, పాతపట్నం ఇటు మిగిలింది. రెండు ఊళ్ల మధ్య గీత గీయడం చేతనైంది గాని పేర్ల మధ్య గీయడం ఎవరికీ చేతకాలేదు. పూరీ గుడి ముగ్గురు దేవుళ్లు జగన్నాథం, బలరాం, సుభద్రలుగా శ్రీకాకుళం పల్లెల్లో ఉన్నారు. తెలుగు కృష్ణుడు ఒడియా నోట క్రుష్ణుడవుతాడు. 1937లో ఒరిస్సా తొలి ప్రధానిగా ప్రమాణం చేసిన పర్లాకిమిడి మహారాజును అటువాళ్లు క్రుష్ణచంద్ర అంటే ఇటువాళ్లు కృష్ణచంద్ర గజపతి అన్నారు.

పర్లాకిమిడి బడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టారు. కొండలు దిగి సంతకు వచ్చే సవరల మాట విని, ఆ భాష నేర్చుకుని, 1931లో సవర భాషకు వ్యాకరణం అచ్చేయించారు. అప్పటికి లిపి లేని ఆ భాషవాళ్ల పేర్లలో రెండు పద్ధతులున్నాయి. సవరల మధ్య ఏళ్ల తరబడి బతికిన మానవశాస్త్రవేత్త పియర్స్ విటెబ్‌స్కీ మొదటిదాన్ని వివరంగా రాశాడు. చనిపోయిన పెద్ద, కర్మలన్నీ జరిగి శాంతించాక, తన పేరును వంశంలో పుట్టిన బిడ్డకు ఇస్తాడు. ఆ పేరు మోసే బిడ్డను కాపాడే బాధ్యత ఆ పెద్దదే. గంగరాజుల భానుదేవుడూ, సవర కుర్రాడూ పేరు విషయంలో చేసింది దాదాపు ఒకటే. ఒకరిది రాగిరేకుకు ఎక్కింది, ఇంకొకరిది ఎక్కలేదు. రెండోది పుట్టిన వారం పేరు. దక్షిణ ఒడిశా కొండల్లో సోంబారు, మంగ్లా, బుద్రా, గురుబారి, సుక్రు, సనియా ఇలా వచ్చినవే. ఆఫ్రికాలో ఘనా ప్రజలదీ ఇదే అలవాటు. కోఫీ అన్నన్‌లో కోఫీ అంటే శుక్రవారం పుట్టినవాడు, క్వామే ఎన్‌క్రూమాలో క్వామే అంటే శనివారం పుట్టినవాడు.

ఈ పేర్లు ఇప్పుడు వేగంగా తగ్గిపోతున్నాయి. తవిటయ్య మనవడికి తవిటయ్య అని పెట్టే తల్లిదండ్రులు ఈ రోజున అరుదు. పసిబిడ్డలు బతుకుతున్నారు కాబట్టి తవుడు అవసరం తీరిపోయింది. అది సంతోషించవలసిన విషయం. అప్పలస్వామి, పైడిరాజు, అసిరయ్య పోవడానికి కారణం అది కాదు. నాటకాల్లో, సినిమాల్లో ఈ పేర్లను పనివాళ్లకూ నవ్వించే పాత్రలకూ తగిలించారు. "కన్యాశుల్కం"లో పాలేరు పేరు అసిరి. అది ఆనాటి సమాజాన్ని ఉన్నదున్నట్టు చూపించడమే. తర్వాత వచ్చిన తెరబొమ్మలు ఆ యాసనూ ఆ పేర్లనూ వెటకారానికి వాడుకున్నాయి. పట్నంలో కాలేజీకి వెళ్లిన కుర్రాడు తన పేరు చెప్పుకోవడానికి సిగ్గుపడేలా చేసింది ఆ వెటకారమే. అట్టాడ అప్పలనాయుడు, గంటేడ గౌరునాయుడు వంటి రచయితలు ఆ పేర్లతోనే కథలు రాసి, ఆ పేర్లతోనే తెలుగు పాఠకుల దగ్గర గౌరవం పొందారు. వాళ్లు భాషకు చేసిన మేలులో ఇదీ ఒకటిగా లెక్కవేయాలి.

ఇక్కడ తగ్గుతున్న పేర్లు సముద్రం అవతల చెక్కుచెదరకుండా ఉన్నాయి. 1834 నుంచి మారిషస్ చెరకు తోటలకూ, 1860 నవంబరు 16న డర్బన్ చేరిన "ట్రూరో" ఓడ మొదలుకొని దక్షిణాఫ్రికాకూ కూలీలు వెళ్లారు. వారిలో ఆనాటి విశాఖపట్నం, గంజాం జిల్లాలవాళ్లు చాలామంది. ఓడ రిజిస్టర్లలో ఒక్కొక్కరికి నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు రాశారు. పేదవాళ్లను ఊళ్లో ఎలా పిలిచేవారో అలాగే ఎక్కించారు కాబట్టి "గాడు"తో ముగిసే పేర్లు అందులో ఉన్నాయి. తండ్రి పేరే పిల్లలకు ఇంటిపేరుగా మారింది. అప్పడు "అప్పాదూ" అయ్యాడు. అప్పలస్వామి డర్బన్‌లో "అప్పల్సామీ" అనే కుటుంబమైంది. ఫ్రెంచిలో రాసే మారిషస్ నవలా రచయిత్రి నతాషా అప్పనా ఇంటిపేరు, అక్షరాలు విడదీసి చదివితే, అప్పన్నే. తెలుగునాడు నుంచి కూలీలుగా వచ్చిన తన పూర్వీకుల గురించి ఆమె 2023లో ఒక పుస్తకం రాసింది.

మారిషస్‌లో మోకా దగ్గరి మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఆ రిజిస్టర్లు భద్రంగా ఉన్నాయి. ముత్తాత ఊరు వెతుక్కునే మనవలు అక్కడికి వెళ్తుంటారు. గుమస్తా చెవికి తోచినట్టు రాసిన ఊరి పేరు చాలాసార్లు ఏ పటంలోనూ దొరకదు. వలసో, పేటో చివర మిగిలి, ముందు అక్షరాలు పోతాయి. అలాంటప్పుడు మనిషి పేరే ఆధారం. సుబ్బయ్య అని ఉంటే వెతకాల్సిన నేల చాలా పెద్దది. అప్పలసామి అనో, సింహాద్రి అనో, పైడయ్య అనో ఉంటే మాత్రం అనకాపల్లి నుంచి ఇచ్ఛాపురం లోపు చూస్తే సరిపోతుంది.

(వచ్చే భాగం: ఇంటిపేర్లలో మిగిలిన వలసలు)